లెక్కలోకి రాని ప్లాట్లు: జాక్సన్ హైట్స్‌లో ఒక డబుల్ బెడ్‌రూమ్ కో-ఆప్ కేసు

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఇళ్లు కొనేవాళ్ల తరఫున ఏజెంట్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో చాలామందికి మంచి జీతం ఉంటుంది, పెద్ద అప్పులుండవు, ఊళ్లో ఆస్తి కూడా ఉంటుంది. అయినా కో-ఆప్ (అందులో ఉండేవాళ్లే వాటాదారులుగా నడుపుకునే అపార్ట్‌మెంట్ బిల్డింగ్) బోర్డు దగ్గరికి వచ్చేసరికి లెక్క కుదరదు. ఎందుకు కుదరదో ఈ కేసులో బాగా కనిపించింది కాబట్టి రాసి పెడుతున్నాను. క్లయింట్ల అనుమతి తీసుకున్నాను. వీధి, బిల్డింగ్ పేరు, ఉద్యోగాల వివరాలు తీసేశాను. అంకెల్ని కొద్దిగా మార్చాను గానీ వాటి మధ్య నిష్పత్తి చెడకుండా చూశాను.

నేపథ్యం

భార్యాభర్తలిద్దరూ ముప్పైల్లో ఉన్నారు. స్కూలుకెళ్లే పాప. ఆయన హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి 1,38,000 డాలర్లు. ఆవిడ హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వాళ్ల జీవిత భాగస్వామికిచ్చే పని అనుమతి) మీద కన్సల్టెన్సీ ద్వారా పనిచేస్తారు, 52,000 డాలర్లు. బ్యాంకులో 2,45,000 డాలర్లు, 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో మరో 1,10,000 ఉన్నాయి. నెలకు 520 డాలర్ల కారు వాయిదా తప్ప వేరే అప్పు లేదు. ఇండియాలో రెండు ప్లాట్లు. శంషాబాద్ వైపు హెచ్‌ఎండీఏ లేఅవుట్‌లో ఉన్నది ఆయన పేరు మీద, మంగళగిరి దగ్గరున్నది ఆవిడ పేరు మీద.

జాక్సన్ హైట్స్‌లోనే కొనాలని ముందే నిర్ణయించుకుని వచ్చారు. ఇ, ఎఫ్ రైళ్లలో మాన్‌హట్టన్ దగ్గర. 74వ వీధిలో గోంగూర నుంచి ఇడ్లీ రవ్వ దాకా దొరుకుతుంది. 34వ అవెన్యూలో పగటిపూట కార్లను ఆపేస్తారు కాబట్టి పిల్లలు రోడ్డు మీదే సైకిల్ తొక్కుకోవచ్చు. వీటన్నిటికంటే ఆవిడకు నచ్చింది తోట. ఇక్కడి పాత బిల్డింగుల్లో చాలావాటికి బ్లాకు మధ్యలో, వీధిలోంచి కనపడకుండా, అందరికీ కలిపి ఒక తోట ఉంటుంది. క్వీన్స్‌బరో వంతెన 1909లో మొదలయ్యాక, ఎడ్వర్డ్ మెక్‌డూగల్ నడిపిన క్వీన్స్‌బరో కార్పొరేషన్ ఇక్కడి పొలాలు కొని ఇలాంటి అపార్ట్‌మెంట్లు కట్టింది. ఆండ్రూ థామస్ గీసిన షాటో, టవర్స్ లాంటివి 1920లలో వచ్చాయి. వాటాదారులకే అపార్ట్‌మెంట్లు అమ్మే పద్ధతి కూడా అప్పటి నుంచే ఉంది. ఆ రోజుల్లో యూదులకు, నల్లజాతివాళ్లకు ఇక్కడ చోటు ఇచ్చేవాళ్లు కారు. కారణం చెప్పకుండా కాదనే బోర్డుల మీద న్యూయార్క్‌లో ఇప్పటికీ జనానికి అనుమానం పోకపోవడానికి ఈ చరిత్ర కూడా ఒక కారణమే.

1993లో నగర ల్యాండ్‌మార్క్స్ కమిషన్ ఈ ప్రాంతాన్ని హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌గా ప్రకటించింది. దీని సంగతి కేసు మధ్యలో వస్తుంది.

కో-ఆప్ అంటే మనకు తెలిసిన ఫ్లాట్ రిజిస్ట్రేషన్ లాంటిది కాదు. బిల్డింగ్ మొత్తం ఒక కార్పొరేషన్‌ది. కొనేవాళ్లకు అందులో షేర్లు, వాటితోపాటు ఫలానా అపార్ట్‌మెంట్‌లో ఉండే ప్రొప్రైటరీ లీజు వస్తాయి. ఆస్తిపన్ను, బిల్డింగ్ మీదున్న ఉమ్మడి అప్పు, హీటింగ్, వేడినీళ్లు, సిబ్బంది జీతాలు, ఇవన్నీ నెలనెలా కట్టే మెయింటెనెన్స్ నుంచే నడవాలి. ఒక్కరు కట్టడం మానేస్తే ఆ లోటు మిగతావాళ్ల మీద పడుతుంది. చీటీలో కొత్త మనిషిని చేర్చుకునే ముందు పాతవాళ్లు ఆరా తీసినట్టే బోర్డూ తీస్తుంది. దరఖాస్తు కాగితాల వెనక బోర్డు అడిగే అసలు ప్రశ్న ఒక్కటే: ఉద్యోగం పోయినా ఈ మనిషి కడతాడా?

వచ్చినప్పటి పరిస్థితి

నా దగ్గరికి రావడానికి ముందే పక్క బ్లాకులోని ఒక బిల్డింగ్ వాళ్లను కాదంది. కారణం చెప్పలేదు. అప్పటి నిబంధనల ప్రకారం చెప్పాల్సిన పని కూడా లేదు. ఇమిగ్రేషన్ స్టేటస్, జాతి, మతం, పిల్లలున్నారన్న కారణాలతో కాదనడం నగర మానవ హక్కుల చట్టం కింద చట్టవిరుద్ధం. అవి కాక వేరే కారణమైతే బోర్డు నోరు విప్పనక్కర్లేదు. ఆయన మాత్రం వీసా వల్లే అని గట్టిగా నమ్మాడు. "మనవాళ్లం కదా, అందుకే ఇవ్వలేదు" అన్నాడు.

అలా జరగదని నేను అనను. కానీ ఫిర్యాదు చేయాలా వద్దా అని ఆలోచించే ముందు ఆ పాత దరఖాస్తును బోర్డు ట్రెజరర్ కళ్లతో చదవాలనుకున్నాను. ఆర్థిక వివరాల పత్రంలో అన్నిటికంటే పెద్ద అంకె "ఇండియాలో స్థలాలు". దాని కింద బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఒక పేజీలో జెల్ (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపుకునే యాప్) ద్వారా స్నేహితుడి నుంచి 8,000 డాలర్లు వచ్చాయి. అదే నెలలో మరో స్నేహితుడికి 6,500 వెళ్లాయి. తర్వాతి పేజీలో మొదటాయనకి 8,000 తిరిగి వెళ్లాయి. మధ్యమధ్యలో ఇండియాకు పంపిన డబ్బులు. మన దృష్టిలో ఇవి చేబదుళ్లు, అమ్మానాన్నలకు పంపేవి. వాటి గురించి ఒక్క ముక్క వివరణ లేకపోతే, చదివే ట్రెజరర్‌కు మాత్రం చెప్పని అప్పులున్న మనిషే కనపడతాడు. చట్టం మాట అటుంచితే, ఈ కాగితాల మీద నేను బోర్డులో ఉన్నా సంతకం పెట్టేవాణ్ని కాను. ఫిర్యాదు సంగతి లాయర్‌తో మాట్లాడుకునే దారి తెరిచే ఉంచి, ముందు కాగితాలు బాగుచేద్దామన్నాను.

కొత్తగా చూసిన అపార్ట్‌మెంట్ 1920ల నాటి బిల్డింగ్‌లో, రెండు బెడ్‌రూములు, వంటింటి కిటికీ తోట వైపు. ధర 6,40,000 డాలర్లు, మెయింటెనెన్స్ 1,250. బిల్డింగ్ షరతులు మూడు. డౌన్ పేమెంట్ కనీసం 25 శాతం. లోన్ వాయిదా, మెయింటెనెన్స్, ఇతర అప్పులు కలిపి నెల ఆదాయంలో 28 శాతం దాటకూడదు. క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే చివరి లావాదేవీ) అయ్యాక చేతిలో రెండేళ్ల వాయిదా, మెయింటెనెన్స్‌కు సరిపడా నగదు మిగలాలి.

25 శాతం పెడితే లోన్ 4,80,000. అప్పటి 6.75 శాతం వడ్డీకి నెలకు 3,113. మెయింటెనెన్స్, కారు కలిపితే 4,883, అంటే ఆదాయంలో దాదాపు 31 శాతం. డౌన్ పేమెంట్‌కు 1,60,000, ఖర్చులకు ఓ 14,000 పోగా చేతిలో మిగిలేది 71,000. కావలసింది 1,04,700. ఆదాయం లెక్కా తప్పింది, నగదు లెక్కా తప్పింది.

ప్రయత్నించినవి

అందరికీ మొదట తట్టేది డౌన్ పేమెంట్ పెంచడం. 35 శాతం పెడితే వాయిదా 2,698కి దిగుతుంది, నిష్పత్తి 28కి చేరువవుతుంది. కానీ చేతిలో మిగిలేది 7,000. పోనీ కారు అప్పు మొత్తం తీర్చేస్తే? 17,000 కడితే నిష్పత్తి 27.6కి వస్తుంది, మిగిలే నగదు 54,000కి పడిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉన్న 2,45,000ను ఎటు తిప్పినా రెండు షరతులూ ఒకేసారి తీరవని కాగితం మీద తేలిపోయింది. ఇక బయటి నుంచి డబ్బు రావాలి, లేదా ఈ బిల్డింగ్ వదిలేయాలి.

"రెండు ప్లాట్లున్నాయి కదండీ, వాల్యుయేషన్ సర్టిఫికెట్ తెప్పిస్తే చాలదా?" అన్నాడాయన. చాలదని నాకు అనిపించినా, బోర్డు తరఫున బిల్డింగ్ వ్యవహారాలు చూసే మేనేజింగ్ ఏజెంట్‌ను అడిగాం, ఎందుకంటే కొన్ని బోర్డులు ఒక మేరకు చూస్తాయి. సమాధానం వెంటనే వచ్చింది: స్థిరాస్తి ఎక్కడున్నా నగదు కిందకు రాదు, రిటైర్మెంట్ ఖాతా కూడా రాదు. ఇది వివక్ష కాదు. ఫ్లారిడాలో ఇల్లున్న అమెరికన్‌కూ ఇదే మాట చెబుతారు. ఉద్యోగం పోయిన నెలలో మెయింటెనెన్స్ కట్టడానికి శంషాబాద్ ప్లాటు పనికిరాదు, అంతే.

ఆవిడ నాన్నగారు ఫిక్స్‌డ్ డిపాజిట్లు విడగొట్టి 45 లక్షలు పంపుతానన్నారు. ఈ దారిని రెండు కారణాలతో వదిలేశాం. బిల్డింగ్ దరఖాస్తులోనే గిఫ్ట్ సొమ్ము కూడదని ఉంది. అదీ కాక, అప్పట్లో, అంటే 2023 అక్టోబర్ నుంచి 2025 మార్చి దాకా, ఇలాంటి రెమిటెన్సుల మీద 7 లక్షలు దాటిన మొత్తానికి 20 శాతం టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) ముందే పట్టుకునేవాళ్లు. రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది గానీ, ఆ పెద్దాయన ఏడెనిమిది లక్షలు ఇరికించుకుని కూర్చోవాలి. "ముందే తెప్పించి అకౌంట్లో పెట్టుకుంటే గిఫ్ట్ అని ఎవరికి తెలుస్తుంది?" అని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడట. లోన్ దరఖాస్తులో అబద్ధం రాయడం ఫెడరల్ నేరమని, హెచ్-1బి మీదున్న మనిషి ఆ ఛాయలకు కూడా పోకూడదని గట్టిగానే చెప్పాను.

మిగిలింది ప్లాటు అమ్మడం.

ఏ ప్లాటు?

కేసులో ఎక్కువ చర్చ జరిగింది ఇక్కడే. మంగళగిరి ప్లాటు అమ్ముదామని ఆయన అన్నాడు. 2024 ఎన్నికల తర్వాత అటు రేట్లు లేచాయి, మంచి ధర వస్తుందన్నది ఆయన లెక్క. ఆవిడ ఒక్క మాటే చెప్పింది: "అది మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చింది, అమ్మను." ఆయన నా వైపు చూశాడు. ఇందులో నేను తీర్పు చెప్పకూడదు, చెప్పలేదు. వ్యవహారం వైపు నుంచి చూసినా ఆవిడ మాటే నెగ్గుతుంది. శంషాబాద్ ప్లాటు ఆయన ఒక్కడి పేరు మీదే ఉంది, జీతంలోంచి కొన్నది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, హెచ్‌ఎండీఏ అప్రూవల్ అన్నీ సరిగా ఉన్నాయి. అందువల్ల కొనేవాడికి బ్యాంకు లోన్ వస్తుంది. బ్యాంకు లోన్ మీద కొనేవాడైతే డబ్బంతా వైట్‌లో అడగడం తేలిక. మాకు కావలసింది అదే. నల్లడబ్బులో వచ్చిన సగం న్యూయార్క్‌లో ఒక్క డాలరుకు కూడా కొరగాదు. కొద్దిగా ధర తగ్గించుకునైనా మొత్తం చెక్కు మీద తీసుకోవాలన్నది మొదటి నుంచీ షరతు. మొదటొచ్చిన బేరం ఈ షరతు దగ్గరే పోయింది. ఆ బేరంలో ధర ఎక్కువే ఉన్నా పోనిచ్చాం.

వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుపోతానేమోనన్న టెన్షన్‌తో ఆయన ఇండియా వెళ్లలేదు. కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి అన్నగారి పేరిట స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ పంపాడు. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి, చాలామంది ఈ గడువు మర్చిపోతారు. ఎన్నారై అమ్మితే కొనేవాడు ఇచ్చే సొమ్ములోంచే పన్ను (టీడీఎస్) పట్టాలి. లాభం మీదే పట్టమని ముందుగా ఇన్‌కమ్ టాక్స్ శాఖకు, అప్పటి పద్ధతిలో, ఫారం 13 వేసి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం ధర మీదే పడుతుంది. అది తెచ్చుకున్నాకే రిజిస్ట్రేషన్ పెట్టించాం. అప్పటికి దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో (ఎన్నారైలకు ఇండియాలో వచ్చే ఆదాయం పడే ఖాతా) పడ్డాక, పన్ను లెక్క సరిపోయిందని సీఏ ఇచ్చిన 15సీబీ సర్టిఫికెట్, ఆన్‌లైన్‌లో వేసిన 15సీఏ డిక్లరేషన్ చూసి బ్యాంకు పంపింది. ఎన్ఆర్ఓ నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు కాబట్టి పరిమితి సమస్య రాలేదు. ప్లాటు 1.1 కోట్లకు పోయింది. పన్ను, ఖర్చులు పోగా 1,17,000 డాలర్లు ఇక్కడి ఖాతాలో పడ్డాయి. ఈ లాభాన్ని అమెరికా రిటర్న్‌లోనూ చూపించాలని, అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ తీసుకోవచ్చని వాళ్ల సీపీఏకు (ఇక్కడి అకౌంటెంట్) అప్పుడే కబురు పెట్టాం.

అన్ని నెలలు ఆ ఇల్లు ఎలా ఆగింది?

కిటికీల వల్ల. అమ్మే ఆవిడ కొన్నేళ్ల కిందట హాలులో వీధివైపు ఉన్న రెండు కిటికీలు మార్పించింది. పాతవి చిన్న చిన్న అద్దాల గళ్లున్న చెక్క కిటికీలు. పెట్టించినవి గళ్లు లేని తెల్ల వినైల్‌వి. హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో వీధివైపు కిటికీ మార్చాలంటే ల్యాండ్‌మార్క్స్ కమిషన్ పర్మిట్ కావాలి, ఆకారం, గళ్లు, రంగు పాతవాటితో సరిపోవాలి. పర్మిట్ తీసుకోలేదు, బిల్డింగ్ మీద వయొలేషన్ (నిబంధన ఉల్లంఘన కేసు) పడింది. అది తీరేదాకా ఆ బిల్డింగ్‌లో మరో పనికి కమిషన్ పర్మిట్ దొరకడం కష్టం, అందుకే బోర్డు కూడా ఆవిడ మీద గుర్రుగా ఉంది. మాకు ముందు వచ్చిన కొనుగోలుదారులు ఇది చూసి వెనక్కి తగ్గారు.

మాకు ఇది రెండు విధాలా పనికొచ్చింది. లాయర్లు కాంట్రాక్టు భాష మీద బేరమాడుతుండగా ప్లాటు డబ్బు వచ్చేసింది. ఇక్కడ ఆఫర్ ఒప్పుకున్నంత మాత్రాన ఎవరూ కట్టుబడరు, కాంట్రాక్టు మీద సంతకాలు పడితేనే లెక్క. డబ్బు అమెరికా చేరేదాకా సంతకం పెట్టొద్దని, పది శాతం డిపాజిట్ రిస్కులో పెట్టొద్దని వాళ్లకు చెప్పాను. ఈలోపు ఇల్లు చేజారినా సరేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. రెండోది, కిటికీల ఖర్చు అమ్మే ఆవిడదే అని రాయించగలిగాం. కాంట్రాక్టర్ అంచనాకు ఒకటిన్నర రెట్లు క్లోజింగ్‌లో ఆవిడ సొమ్ములోంచి ఎస్క్రోలో (షరతు తీరేదాకా మధ్యవర్తి దగ్గర) ఉంచాలి. కమిషన్ నుంచి పని సరిగా జరిగిందన్న నోటీసు వచ్చాకే మిగతాది ఆవిడకు విడుదలవుతుంది. కొనే జంట ఈ గొడవ తీర్చబోతోందని తెలిశాక బోర్డు మేనేజింగ్ ఏజెంట్ మా ఫోన్లు త్వరగా ఎత్తడం మొదలుపెట్టాడు.

రెండో దరఖాస్తు

కారు అప్పు తీర్చాం. డౌన్ పేమెంట్ 30 శాతం పెట్టాం. వాయిదా 2,906, మెయింటెనెన్స్‌తో 4,156, ఆదాయంలో 26 శాతం. చేతిలో 1,39,000 మిగిలింది, షరతు ప్రకారం లక్ష చాలు. 35 శాతం పెట్టినా రెండు షరతులూ తీరేవి, వడ్డీ కూడా మిగిలేది. ఆయన అదే అడిగాడు. వద్దన్నాను. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం చూసుకోవడానికో దేశం వదలడానికో మామూలుగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆ పరిస్థితిలో లోన్ తగ్గిందన్న తృప్తి కంటే చేతిలో నగదే అక్కరకొస్తుంది. బోర్డుకూ అదే ధైర్యం.

స్టేట్‌మెంట్లకు ఒక పేజీ వివరణ జతచేశాం. ప్రతి పెద్ద జమకూ ఒక వరుస: తేదీ, మొత్తం, ఎక్కడి నుంచి, ఏ కాగితం చూడాలి. ప్లాటు డబ్బుకు సేల్ డీడ్ ఇంగ్లిష్ అనువాదం, 15సీబీ, బ్యాంకు స్విఫ్ట్ కాపీ. కాంట్రాక్టుకు ముందు నెలల నుంచే చేబదుళ్లు పూర్తిగా ఆపేయమన్నాను. ఆయనకు ఇది ప్లాటు అమ్మడం కంటే కష్టమైంది, స్నేహితుడికి లేదని చెప్పాల్సి వచ్చింది. తల్లిదండ్రులకు పంపేది మాత్రం నెలకు ఒకే తేదీన, ఒకే మొత్తంగా మార్చుకున్నాడు. అడిగితే దాచేదేమీ ఉండదు. ఆవిడది కాంట్రాక్టు ఆదాయం కాబట్టి రెండేళ్ల డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను చూపే పత్రాలు), కన్సల్టెన్సీ లేఖ పెట్టాం. అయినా బోర్డు తటపటాయిస్తే ఏడాది మెయింటెనెన్స్ ఎస్క్రోలో ఉంచుతామని చెప్పడానికి సిద్ధపడ్డాం. 2019 అద్దె చట్టం వల్ల ఇలాంటి ఎస్క్రోలకు చిక్కొచ్చింది గానీ 2021లో కో-ఆప్‌లకు సడలింపు ఇచ్చారు. దాన్ని వాడే అవసరం రాలేదు.

బిల్డింగ్ ఆరోగ్యాన్ని లాయర్ మీటింగ్ మినిట్స్‌లో చూశారు. ఆరంతస్తులే కాబట్టి ఐదేళ్లకోసారి చేయించాల్సిన గోడల తనిఖీ దీనికి వర్తించదు. పెద్ద బిల్డింగుల కాలుష్యాన్ని తగ్గించే నగర చట్టం లోకల్ లా 97 కింద 2030 నుంచి ఉద్గారాల పరిమితి ఇంకా బిగుస్తుంది కాబట్టి బాయిలర్ మార్పు మీద చర్చ నడుస్తోంది. మున్ముందు ప్రత్యేక వసూళ్లు రావచ్చని చెప్పి ఉంచాం.

ఇంటర్వ్యూ సాయంత్రం జూమ్‌లో జరిగింది. వాషింగ్ మెషీన్ పెడతారా అని మొదటే అడిగారు. వందేళ్ల డ్రైనేజీ పైపుల్లో నురగ కింది ఇళ్ల సింకుల్లోకి ఎగదన్నుతుందని ఆ బిల్డింగ్‌లో నిషేధం. బేస్‌మెంట్ లాండ్రీ వాడతామన్నారు. తర్వాత ఒకాయన, ఉద్యోగంలో మార్పు వస్తే ఎలా అన్నాడు. వీసా గురించి ఉపన్యాసం ఇవ్వొద్దని ముందే అనుకున్నాం. "రెండేళ్లకు పైగా కట్టేంత నగదు అకౌంట్లో ఉంది, మీ దగ్గరున్న పత్రంలో మూడో పేజీ" అన్నారాయన. ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. ఆమోదం ఆ వారంలోనే వచ్చింది.

నా పనిలో మారినవి

ఇప్పుడు మొదటి సమావేశంలోనే ఇండియా ఆస్తులను విడిగా రాయిస్తున్నాను: ఎవరి పేరు మీద ఉంది, అమ్మడానికి ఆ మనిషికి ఇష్టమేనా, మొత్తం వైట్‌లో అమ్ముడుపోతుందా. ఈ మూడింటికీ అవునని రాకపోతే ఆ ఆస్తిని సున్నాగానే వేస్తాను. ఇల్లు చూడకముందే బిల్డింగ్ ఆర్థిక షరతులు అడిగి తెచ్చుకుంటాను. తోట చూసి మనసు పడ్డాక లెక్కలు ఎవరికీ ఎక్కవు.

ఈ దారి అందరికీ సరిపోదు. తర్వాత వచ్చిన ఒక కుటుంబానిది అన్నదమ్ముల ఉమ్మడి పొలం, పంపకాలు తేలలేదు. దాని కోసం ఆగొద్దని, షరతులు సులువుగా ఉండే కాండో (షేర్లు కాకుండా అపార్ట్‌మెంట్‌నే నేరుగా సొంతం చేసుకునే పద్ధతి) చూసుకోమని చెప్పాను. కాండోకు ధర ఎక్కువ, లోన్ మీద మార్ట్‌గేజ్ రికార్డింగ్ టాక్స్ (తనఖా నమోదు పన్ను) అదనం, కో-ఆప్ లోన్‌కు అది ఉండదు. ఆ తేడా అంతా కాగితం మీద వేసి చూపించాను. వాళ్లు ఇంకా అద్దె ఇంట్లోనే ఉండి ఆలోచిస్తున్నారు.